దుప్పటి వెనకవైపు

అకైతికి కుట్టుపని రాదు. ఆ సంగతి పెళ్ళికి ముందు అత్తవారి వైపు పునా ఒక్కడికే తెలుసు. పెళ్ళయిన రెండు నెలల్లో పై ఊరి ఆడవాళ్ళందరికీ తెలిసిపోయింది.

మంగళవారం మధ్యాహ్నాలు ఆడవాళ్ళంతా చర్చి పక్కన హాల్లో చేరతారు. నేల మీద చాపలు, చాపల మీద ఒక పెద్ద దుప్పటి, దాని చుట్టూ తలా ఒక అంచు ఒళ్ళో వేసుకుని పదిమంది. ఒక రంగు గుడ్డ మీద ఇంకో రంగు గుడ్డతో కత్తిరించిన పూలూ ఆకులూ పరిచి, అంచులు మడిచి కుట్టుకుంటూ పోతారు. తివైవై అంటారు ఆ దుప్పట్లని. ఆ పసిఫిక్ దీవిలో పెళ్ళికి పెట్టేది అదే, బిడ్డ పుడితే కప్పేది అదే, మనిషి పోతే చుట్టి సాగనంపేదీ దానితోనే. అందుకని చేతిలో సూది, నోట్లో కబురు, రెండూ ఆగకూడదు అక్కడ.

అకైతి వాటాకి ఒక మందారపు రేక వచ్చింది. పైనుంచి చూస్తే ఫరవాలేదు, రేకలాగే ఉంది. పక్కన కూర్చున్నావిడ అంచు తిరగేసి చూసి కళ్ళద్దాలు సవరించుకుంది.

"ఇదేంటమ్మాయ్, వెనకాల పిట్ట గూడు కట్టిందా?"

"కట్టింది పిన్నీ. గుడ్లు పెట్టాక చెప్తాను, అప్పటిదాకా విప్పకండి" అంది అకైతి.

అందరూ గొల్లుమన్నారు. ఆమే అందరికంటే గట్టిగా నవ్వింది. ఈమధ్య ఆమెకి దేనికైనా నవ్వు వస్తోంది. దండెం మీద పునా చొక్కా పక్కన తన గౌను గాలికి ఉబ్బి ఊగుతుంటే నవ్వు. బొప్పాయిని రెండు చెక్కలు చేసి, ఒకే చెక్కలో ఇద్దరూ చెంచాలు పెట్టుకుని తిని, రెండో చెక్క రేపటికని దాచి, దాచిన పావుగంటకే అదీ తినేస్తే నవ్వు. సాయంత్రం పునా స్కూటర్ మీద వచ్చి హాలు బయట హారన్ కొడితే చాలు, సూది ఎక్కడ పెట్టిందో మరిచిపోయేది. దాని మీద ఎవరో ఒకరు కూర్చుని కెవ్వుమనేవాళ్ళు.

ఆ నెలలోనే ఉవాపౌ వచ్చిపడింది. బైబిలు వాక్యం మీద పై ఊరికీ కింది ఊరికీ జరిగే వాదం అది. పాస్టరుగారు ముందుగా ఒక ప్రశ్న ఇస్తారు. రెండు ఊళ్ళూ తలో పక్కా పాటలు కట్టుకుని, ఒకే గుడ్డతో బట్టలు కుట్టించుకుని, తలకి పూలదండలు పెట్టుకుని వచ్చి, ఎవరి జవాబు వాళ్ళు చెప్పి, ఎదుటివాళ్ళ జవాబుని చీల్చి చెండాడి, ఆఖర్న అందరూ కలిసి భోంచేస్తారు. ఈసారి ప్రశ్న ఇదీ: దేవుడు మంచివాడే, మరి మంచివాళ్ళకి కష్టాలెందుకు?

పై ఊరి తరఫున ఎప్పుడూ మాట్లాడే పెద్దాయన గొంతు ఆపరేషనుకని పెద్ద దీవి రారోటోంగాలో ఆసుపత్రికి వెళ్ళాడు. ఇప్పుడెవరు అని ఊరు తలలు గోక్కుంటుంటే పునా లేచాడు.

"మా ఆవిడ ఆక్లండ్‌లో చదువుకొచ్చింది. నన్నడిగితే ఆమె మాట్లాడుతుంటే కొబ్బరికాయ కూడా కింద పడకుండా ఆగి వింటుంది."

"నిన్నెవరూ అడగలేదురా, నువ్వు కొత్త పెళ్ళికొడుకువి" అన్నారు పెద్దలు. కానీ ఇంకో మనిషి దొరకలేదు. పైగా కింది ఊరి తరఫున మాట్లాడేది అకైతి సొంత మేనమామ తెపాకి. మేనమామ మీదికి మేనకోడల్ని వదిలితే చూడటానికి బాగుంటుందని అందరికీ సరదా పుట్టింది. అలా అకైతి పై ఊరి నోరయింది.

ఆమెకి గాల్లో తేలినట్టుంది. ఎగిరి గంతేసింది కూడా. కానీ ఆ సంబరం అడుగున వేరే కోరిక ఒకటి ఉంది. మోయెరో అవ్వ ఆ రోజు వచ్చి కూర్చుని వినాలి.

మోయెరో అవ్వ పునాకి నాయనమ్మ. పునానీ వాడి అన్న అరోనానీ పెంచింది ఆవిడే. రెండేళ్ళ కిందట అరోనా చేపలకని దీవి చుట్టూ ఉన్న పగడపు దిబ్బ, రీఫు, దాటి వెళ్ళాడు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. ఆ తరువాత అవ్వ చర్చిలో అడుగు పెట్టలేదు. అలాగని ఆదివారం మానలేదు. తెల్ల గౌను ఇస్త్రీ చేసుకుని, కొబ్బరాకు టోపీ పెట్టుకుని, చెప్పులేసుకుని, వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. చర్చిలో పాట అందుకుంటే తన వంతు తను అక్కణ్ణుంచే పాడుతుంది. ప్రసంగం మొదలవగానే లేచి లోపలికెళ్ళి వంట చూసుకుంటుంది.

అకైతి ధైర్యం కూడగట్టుకుని ఒక పొద్దున అడిగింది. అవ్వ కూరకని టారో చేమాకు ఈనెలు తీస్తోంది.

"అవ్వా, ఉవాపౌకి నువ్వు రావాలి. నేను మాట్లాడుతున్నా."

"మాట్లాడు. నీకేం, నోరుంది."

"దేవుడి మీద కోపమా అవ్వా?"

అవ్వ ఈనె తీయడం ఆపలేదు. "ఆయనతో నాకేం తగువు లేదే పిల్లా. పొద్దున లేస్తే మేమిద్దరం మాట్లాడుకుంటూనే ఉంటాం. ఒక్కోసారి అరుస్తాను కూడా. ఆయన తరఫున వకాలత్తు పుచ్చుకుని వస్తారే, వాళ్ళతోనే నా గొడవ."

"ఎవరు?"

"ఎవరని చెప్పను! అరోనా పోయిన వారం ఈ వరండా నిండా వాళ్ళే. ఒకావిడ రొట్టెపండు కాల్చుకొచ్చి, తోటలో అందమైన పువ్వునే ముందు కోస్తారు కదా అక్కా అంది. ఏం, కోసుకోవడానికి ఆయనకి పరలోకంలో తోట లేదా? ఇంకొకడు పంది మాంసం పట్టుకొచ్చి, ఇంట్లో ఎవరి పాపమో చూసుకో అన్నాడు. ఇంకొకామె, నీ ఓపిక చూస్తున్నాడు అంది. నా ఓపిక ఆయనకి తెలీదా? ఈ ఇద్దరు మగపిల్లల్ని పెంచినప్పుడు చూడలేదా?"

"ఏమన్నావు నువ్వు?"

"ఏమంటాను? తెచ్చినవన్నీ బాగున్నాయి. రొట్టెపండు మరీ బాగుంది. తిన్నాను. మాటలు మాత్రం మింగుడు పడలేదు."

అకైతికి నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఆమె అవ్వ పక్కన కూర్చుని తనూ ఒక ఆకు తీసుకుంది. ఈనెతో పాటు ఆకు కూడా చిరిగింది.

"ఒక్కసారి రా అవ్వా. నేనలా మాట్లాడను."

అవ్వ చేతిలో ఆకు పక్కన పెట్టింది. "సరే. తలుపు దగ్గర కూర్చుంటా. మళ్ళీ ఆ మాటలే వినపడ్డాయనుకో, లేచి ఇంటికొచ్చేస్తా. ఆ తర్వాత నువ్వూ, నా మనవడూ, పాస్టరుగారూ, ఎవరూ నన్ను మళ్ళీ రమ్మని అడగకూడదు. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకున్నా" అంది అకైతి.

ఇక ఆమెకి తిండి సహించలేదు. అంటే మామూలుగా తినేదాంట్లో సగమే తింది. ఏం చెప్పాలి? పువ్వు కోయడం వద్దు, పాపం వద్దు, పరీక్ష వద్దు. మంగళవారం కుట్టుపని దగ్గర తన అంచు తిరగేసి ముడులు విప్పుకుంటుంటే మెరుపులా తట్టింది. వెనకవైపు అంతా చిక్కులు, తెగిన దారాలు, ముడులు. ముందువైపు పువ్వు. మనం భూమ్మీద నుంచి చూసేది వెనకవైపు, దేవుడు చూసేది ముందువైపు! ఇంత చక్కటి మాట ఈ దీవిలో ఇంతవరకు ఎవరికీ తట్టలేదా అని ఆమెకి ఆశ్చర్యమేసింది.

ఇంటికొచ్చే దారిలో, స్కూటర్ ఆగకుండానే పునాకి చెప్పింది. పునా స్కూటర్ ఆపి, దిగి, ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అద్భుతం. నాకు ఒళ్ళు జలదరించింది, చూడు."

"నిజంగా?"

"నిజంగానే. ఇంకోసారి చెప్పు."

ఆమె ఏం చెప్పినా అతనికి ఒళ్ళు జలదరిస్తుందనీ, నిన్న చేపల పులుసులో ఉప్పు ఎక్కువైందని చెప్పినప్పుడూ అలాగే జలదరించిందనీ ఆమెకి ఆ క్షణంలో గుర్తు రాలేదు. అతనే ఇంకో ఉపాయం చెప్పాడు. మాటలతో ఎందుకు, నిజం దుప్పటే ఎత్తి చూపిద్దాం. అవ్వ కుట్టినదైతే దీవిలో దాన్ని మించింది లేదు.

"అవ్వా, హాల్లో చూపించడానికి నీ దుప్పటి ఒకటి కావాలి" అని అడిగితే, "పెట్టెలో ఉన్నాయి, ఎర్రది తీసుకో" అంది అవ్వ. ఉవాపౌకి ఎవరి ఊరి దుప్పట్లు వాళ్ళు గోడలకి కట్టుకోవడం మామూలే కాబట్టి ఎందుకని అడగలేదు. ఎండిన దేవగన్నేరు పూల వాసనతో మడత మీద మడతగా ఉన్న ఆ దుప్పటిని అకైతి విప్పి చూడలేదు. మడత నలిగితే అవ్వ తిడుతుందని భయం. వెనకవైపు ఎలా ఉంటుందో చూడాల్సిన అవసరం ఏముంది, తనకి తెలీనిదా?

ఆ రోజు హాలు పూల అంగడిలా ఉంది. పై ఊరు పసుపు, కింది ఊరు ఆకుపచ్చ. ఆడవాళ్ళు ఒక గొంతుతో ఎత్తుకుంటే మగవాళ్ళు కింద నుంచి హుం హుం అని ఊపిరి పట్టి తాళం వేస్తుంటే రేకుల కప్పు అదిరింది. మోయెరో అవ్వ అన్న మాట ప్రకారం వచ్చింది. ఊరంతా చూసీ చూడనట్టు చూసింది. తలుపు దగ్గర ఆఖరి బెంచీ మీద, ఒక కాలు గుమ్మం వైపు పెట్టి, టోపీ తీయకుండా కూర్చుంది.

ముందు తెపాకి మావయ్య లేచాడు. సన్నటి మనిషి, గట్టి గొంతు. ఒక కాలు కాస్త ఈడుస్తాడు. ఆ ఈడ్పుని కూడా నాటకంలో నడకలా నడవగలడు.

"పై ఊరి పెద్దలకి నమస్కారం. మా పిల్లని మీ ఇంటికిచ్చాం, బాగా చూసుకుంటున్నారని విన్నాం. దానికి కుట్టడం రాదని మేం పెళ్ళికి ముందు చెప్పలేదు, అందుకు క్షమించాలి."

పసుపు వైపూ ఆకుపచ్చ వైపూ ఒకేసారి నవ్వాయి. అకైతి చేతులు జోడించి లేచి నిలబడి దండం పెట్టి కూర్చుంది. ఇంకా నవ్వారు.

"ఇక విషయం. దేవుడు మనిషికి ఇష్టాన్ని ఇచ్చాడు. కొబ్బరిచెట్టు ఎక్కే ఇష్టం ఇచ్చినప్పుడు జారే వీలు కూడా ఇవ్వాలి. జారకుండా కట్టేస్తే అది చెట్టెక్కడం కాదు, చెట్టుకి వేలాడటం. మంచి చేసే స్వేచ్ఛ ఉన్నచోట చెడు చేసే స్వేచ్ఛా ఉంటుంది. అదీ కష్టం పుట్టిన చోటు."

ఆకుపచ్చ వైపు చప్పట్లు. పునా చెయ్యెత్తాడు. "మావయ్యా, మనుషుల సంగతి సరే. తుఫానుకి ఎవరిచ్చారు స్వేచ్ఛ?"

"నీ నోటికి ఎవరిచ్చారో వాళ్ళే" అన్నాడు తెపాకి. హాలు మళ్ళీ ఊగింది. "కూర్చో అల్లుడూ. తుఫాను మనకి బడి. తుఫాను లేకపోతే కప్పు గట్టిగా వేయడం ఎవరు నేర్చుకునేవాళ్ళు?"

అకైతి తలుపు వైపు చూసింది. అవ్వ కూర్చునే ఉంది కానీ గుమ్మం వైపున్న కాలు కాస్త కదిలింది. బడి అనే మాట నచ్చలేదు ఆవిడకి.

అకైతి లేచింది. పునా, ఇంకొకతను ఆమె వెనకాల దుప్పటి రెండు కొసలూ పట్టుకుని ఎత్తారు. ముందే అనుకున్నట్టు వెనకవైపు జనానికి, పూలవైపు తమకి ఉండేలా పట్టుకున్నారు. ఆమె జనం వైపు తిరిగి నిలబడింది. దుప్పటి ఆమె వీపు వెనకాల ఉంది.

"కింది ఊరివాళ్ళు కష్టం ఎక్కడ పుట్టిందో చెప్పారు. నేను కష్టం ఎలా కనిపిస్తుందో చెప్తాను" అని మొదలుపెట్టింది. "మనం దేవుడి పనిని కిందినుంచి చూస్తాం. చూడండి, నా వెనకాల. ఎన్ని ముడులు! ఎన్ని చిక్కులు! ఇక్కడ దారం తెగింది, అక్కడ ముడి పడింది, దేనికీ అర్థం లేదు..."

ముందు వరసలో ఆడవాళ్ళు మెడలు చాచారు. ఒకామె పక్కామెని మోచేత్తో పొడిచింది. ఎక్కడో ఎవరో కిసుక్కుమన్నారు. తన మాట గుండెల్లోకి దిగుతోందనుకుని అకైతి గొంతు పెంచింది.

"ఇంత గజిబిజిని చూసి మనం ఇదేం కుట్టు అంటాం! ఇంత వికారంగా..."

"అమ్మాయ్" అన్నాడు తెపాకి మావయ్య. జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుని, కాలీడ్చుకుంటూ దుప్పటి దగ్గరికి వచ్చి, ముక్కు ఆనించి, ఈ కొస నుంచి ఆ కొసకి నడిచాడు. "నాకు చూపు తగ్గింది. ఆ ముడి ఒక్కటి ఎక్కడుందో చూపించి పుణ్యం కట్టుకో."

హాలు నవ్వుతో దద్దరిల్లింది. పై ఊరివాళ్ళే ముందు నవ్వారు. దుప్పటి పట్టుకున్న పునా, ఎందుకో తెలీక, తన వైపు పసుపు మందారాలు చక్కగానే కనిపిస్తుంటే, "ఏమైంది? ఏమైంది?" అని పై నుంచి తల పెట్టి చూశాడు.

అకైతి వెనక్కి తిరిగింది.

ఎర్ర గుడ్డ. దాని మీద సన్నటి పసుపు దారంతో గీసినట్టుగా మందారాలు. ముందువైపు పువ్వు ఎక్కడుందో సరిగ్గా అక్కడ, వెనకవైపు ఆ పువ్వు గీత. కుట్టుకీ కుట్టుకీ మధ్య ఒకే దూరం. ఒక్క ముడి లేదు. ఒక్క తెగిన పోగు లేదు. రంగు నింపడానికి ముందు ఎవరో శ్రద్ధగా వేసుకున్న బొమ్మలా ఉంది. ఎంత బాగుందో!

అప్పుడు తలుపు దగ్గర బెంచీ కిర్రుమంది. మోయెరో అవ్వ లేచి నిలబడింది. నవ్వు ఒక్కసారిగా ఆగిపోయింది. అయిపోయింది, వెళ్ళిపోతోంది అనుకుంది అకైతి.

అవ్వ గుమ్మం వైపు వెళ్ళలేదు. బెంచీల మధ్య నుంచి టకటకా ముందుకి నడిచి వచ్చింది.

"అది వెనకవైపే" అంది హాలంతటికీ వినపడేలా. "ముడి మొదట రేక కిందికి పోతుంది, చివర రెండు గుడ్డల మధ్యకి పోతుంది. మా అమ్మ నేర్పింది. ముడి కనిపిస్తే ఊడదీయించేది. నా పనిలో ముడులున్నాయని ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదవ్వా. ఉంటాయనుకున్నా."

"ఎవరి పని చూసి అనుకున్నావు?"

అకైతి తల దించుకుంది. "నా పని చూసి."

ఈసారి నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. పాస్టరుగారు కూడా రుమాలు అడ్డం పెట్టుకున్నారు. అవ్వ నవ్వలేదు.

"అంటే దేవుడు నీలాగా కుడతాడని చెప్పడానికి వచ్చావన్నమాట ఇక్కడికి."

"అలా... అలాగే అయింది అవ్వా."

"నా అరోనా ముడి అన్నమాట. వెనకాల దాచాల్సిన చిక్కు."

ఇప్పుడెవరూ నవ్వలేదు. దుప్పటి పట్టుకున్న పునా చేతులు మెల్లగా కిందికి దిగాయి. అకైతికి కాగితం మీద రాసుకున్న తరువాతి మాటలన్నీ గుర్తున్నాయి. ఒక్కటీ అవ్వకి చెప్పదగింది కాదు. అవ్వ ఎదురుగా నిలబడి ఉంది. జవాబు కోసమే నిలబడింది. తప్పు మాట ఇంకొక్కటి చాలు, గుమ్మం దూరం లేదు.

"కాదవ్వా" అంది. "ఎందుకు పోయాడో నాకు తెలీదు. కుట్టు గురించీ తెలీదు, దీని గురించీ తెలీదు. తెలిసినట్టు మాట్లాడాను."

అవ్వ కళ్ళు చిన్నవి చేసి చూసింది.

"మళ్ళీ చెప్పు."

"నాకు తెలీదు."

"వినపడిందా?" అని అవ్వ హాలు మొత్తాన్నీ చూసింది. "రెండేళ్ళు. ఈ మాట ఒక్కటి ఎవరైనా అంటారేమోనని రెండేళ్ళు చూశాను." మళ్ళీ అకైతి వైపు తిరిగింది. "సరే, తెలీనిది చెప్పావు. తెలిసింది ఏమైనా ఉందా, ఆక్లండ్‌లో ఇంతకాలం చదివావు కదా?"

అకైతికి తెలిసింది ఏముంది? పునా ఒకసారి చెప్పింది ఉంది.

"పడవ రాని రాత్రి రెండు ఊళ్ళ మగవాళ్ళూ దివిటీలు పట్టుకుని రీఫు మీదికి వెళ్ళారని పునా చెప్పాడు. అందరూ వెనక్కి వచ్చినా ఒక మనిషి మెడలోతు నీళ్ళలో తెల్లారేదాకా పిలుస్తూనే ఉన్నాడట. పగడపు రాయి కాలు కోసేసినా రాలేదట. అప్పటినుంచి ఆయన కాలు ఈడుస్తాడు." ఆమె తెపాకి మావయ్యని చూసింది. "దేవుడు ఆ రాత్రి ఎక్కడో పైన కూర్చుని దుప్పటి చూసుకుంటున్నాడని నేను ఇప్పుడు నమ్మలేను. నీళ్ళలో ఉన్నాడనుకుంటా, మావయ్య పక్కన. మన దేవుడు కూడా కొడుకుని పోగొట్టుకున్నవాడే కదా. ఆ కొడుకు సిలువ మీద ఎందుకని అరిచాడు. ఆయనకి కూడా ఎవరూ జవాబు చెప్పలేదు. ఎందుకని అడిగితే తప్పని మాత్రం ఇంక ఎవరూ నాకు చెప్పకండి. అంతే నాకు తెలిసింది."

తెపాకి మావయ్య కళ్ళద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు. తుడిచినవే తుడుస్తున్నాడు. "ఆ సంగతి ఇప్పుడెందుకమ్మా" అని గొణిగాడు. "పోటీలో ఉన్నాం."

"నువ్వూరుకో తెపాకీ" అంది అవ్వ. గొంతు మెత్తబడింది. "ఆ పొద్దున్న నువ్వొచ్చి నా గుమ్మంలో కూర్చుని ఏడ్చావు. ఒక్క మాట మాట్లాడలేదు. అందరిలోకీ నువ్వే సరిగ్గా మాట్లాడావనుకున్నాను. ఇవాళేమో బడి, కప్పు, కొబ్బరిచెట్టు!"

"ఏం చెయ్యమంటావక్కా, ఇవాళ మా ఊరు గెలవాలి కదా" అన్నాడు తెపాకి. అన్నవాడే ముందు నవ్వాడు, ఏడుస్తూనే.

అవ్వ గుమ్మాన్ని చూసింది. బయట ఎండ ఉంది, ఇంటికి దారి ఉంది. పై ఊరి మొదటి బెంచీని చూసింది. అక్కడ పసుపు గౌన్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని కూర్చున్నాయి.

"జరగండి" అంది.

ఒకరిద్దరు కాదు, బెంచీ మొత్తం జరిగింది. అవతలి చివర కూర్చున్నామె కింద పడబోయి పక్కామెని పట్టుకుంది. అవ్వ కూర్చుని, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, పక్కన అరచేత్తో తట్టింది. అకైతి వెళ్ళి ఆ కాస్త చోటులో ఇరుక్కుంది. అవతల మగవాళ్ళ వైపు నుంచి పునా దుప్పటి గుండెకి హత్తుకుని చూస్తున్నాడు. అతని ఒళ్ళు నిజంగానే జలదరించి ఉంటుంది.

పాస్టరుగారు లేచారు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పెదాలు మాత్రం నవ్వుతున్నాయి. "మామూలుగా నేను ఇక్కడ రెండు ఊళ్ళ జవాబుల్నీ తూచాలి. ఇవాళ తూచను. తూస్తే మోయెరో అక్క నన్ను కూడా ముడి చూపించమంటుంది. పంది మాంసం చల్లారిపోతోంది. ప్రార్థన చేసుకుని లేద్దాం."

అందరూ తలలు వంచారు. ఆయన దీవి కోసం మొదలుపెట్టి, పడవల కోసం, పడవల మీద ఉన్నవాళ్ళ కోసం, రాకుండా పోయినవాళ్ళ కోసం, పేరు పెట్టి అరోనా కోసం, ఆసుపత్రిలో ఉన్న పెద్దాయన గొంతు కోసం, రాబోయే వానల కోసం, ఆ తరువాత ప్రభుత్వం కోసం ప్రార్థించారు. ప్రభుత్వం తరువాత సముద్రాల అవతల ఉన్న ప్రభుత్వాలు వచ్చాయి. అవ్వ వైపు నుంచి ఒక గుసగుస అకైతి చెవిలో పడింది.

"ఈయన ప్రార్థన ఇంకా ఇంత పొడుగేనా?"

"నువ్వు రావడం మానేశాక ఇంకాస్త పెరిగిందవ్వా."

"అయ్యో రామా" అనడానికి అక్కడి భాషలో ఏదుందో అది అంది అవ్వ. చెప్పులు వదిలేసి, కాళ్ళు బెంచీ కిందికి చాపుకుని, చేతులు కట్టుకుని సర్దుకుని కూర్చుంది. పాస్టరుగారు ఆమెన్ అనేదాకా కదల్లేదు.